శిబ్‌పూరు కళాశాల విద్యార్థి
మైకేల్ మధుసూదన దత్తు జీవితము

రాజమండ్రి, వాల్తేరు, బరంపురము, ఖరగ్‌పూరు మీదుగా మద్రాసు మెయిలులో ప్రయాణము చేసి హౌరా స్టేషనులో దిగిన తెలుగువారు వేలకొలదిగా కలరు. స్టేషను వెలుపలికి రాగానే వారి చూపు పెద్ద వంతెనమీద పడును. వంతెన దాటినచో కలకత్తా మహానగరము. అందుచేత ఎల్లరును వంతెన దాటుదురేగాని, హౌరాలో నిలిచి చూచువారు అరుదు.

వంతెన దాటక, హుగ్లీ నది పడమటి గట్టు వెంబడి దక్షిణముగా కొన్ని మైళ్ళు పోయినచో శిబ్‌పూరు అను చోటు వచ్చును. 1787లో నెలకొల్పబడిన వృక్షోద్యానమును, అందలి విశాలమైన మఱ్ఱిచెట్టును చూచుటకు జనులు అచటికి పోవుదురు. ఆ ఉద్యానము ప్రక్కనే నది ఒడ్డున ఒక ఇంజనీరింగు విద్యాసంస్థ కలదు. అయితే ఆ ఆవరణములో మొదట ఉండినది ఇంజనీరింగు కళాశాల కాదు. అది బిషప్పు కళాశాల అను చిన్న క్రైస్తవ విద్యాలయము. అందులో మూడు సంవత్సరములు చదివి, చదువు ముగించకయే వెడలిపోయిన ఒక యువకుడు తరువాతి కాలమున వంగభాషకు మహాకవి అయ్యెను. ఆయనయే మైకేల్ మధుసూదన దత్తు.

ఆయన జీవితము పరిశుద్ధుల చరిత్రలలో చేర్చదగినంత నిష్కళంకమైనది కాదు. అయినను చదువుకొనుచున్న కుమారులు, కుమార్తెలు గల ప్రతి క్రైస్తవ గృహమునకు అందులో ఒక పాఠము కలదు.

కళాశాల పుట్టుక

1814లో కలకత్తాకు మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా వచ్చిన థామస్ మిడిల్టన్ దొర హృదయములో ఒక గొప్ప కోరిక ఉండెను. ఈ దేశపు యువకులకు ఈ దేశములోనే ఉన్నతమైన క్రైస్తవ విద్య నేర్పి, వారిని బోధకులుగాను ఉపదేశకులుగాను ఉపాధ్యాయులుగాను సిద్ధపరచవలెననియు, పరిశుద్ధ గ్రంథమును ప్రార్థన గ్రంథమును దేశభాషలలోనికి తర్జుమా చేయుటకు పండితులను తయారు చేయవలెననియు ఆయన తలంచెను. ఇంగ్లండులోని మిషనరీ సంఘములు ఇందుకు ముందుకు వచ్చెను. ఎస్.పి.సి.కె., సి.ఎమ్.ఎస్. సంఘములు ఒక్కొక్కటి 5,000 పౌనుల చొప్పున ఇచ్చెను. ఎస్.పి.జి. సంఘము నిర్వహణ భారము వహించెను. ప్రభుత్వము శిబ్‌పూరులో నది ఒడ్డున స్థలమిచ్చెను. 1820 డిసెంబరు 15వ తేదీన పునాదిరాయి వేయబడెను.

మిడిల్టన్ దొర తాను నాటిన మొక్క చెట్టగుట చూడలేదు; 1822 జూలైలో ఆయన కన్నుమూసెను. విలియం హాడ్జ్ మిల్ అను సంస్కృత పండితుడు మొదటి ప్రిన్సిపాలుగా ఉండి ఆ కళాశాలకు విద్యలో గొప్ప పేరు తెచ్చెను. ప్రభువు చరిత్రను సంస్కృత శ్లోకములలో వ్రాసినవాడు ఈయనయే. కళాశాల భవనములు గంభీరముగా కట్టబడెను. అచట గుడి, గ్రంథాలయము, ముద్రణశాల ఉండెను. అయినను విద్యార్థుల సంఖ్య ఎన్నడును పెద్దది కాలేదు. గురువు తన శిష్యులలో ఒక్కొక్కనిని పేరుతోను గుణముతోను ఎరుగునంతటి చిన్న కళాశాల అది. గ్రీకు, లాటిను, సంస్కృతము, వేదాంతము, చరిత్ర అచట శ్రద్ధగా చెప్పబడెడివి. కాలక్రమమున, సంఘ పరిచర్యకు మాట ఇవ్వకయే స్వంత ఖర్చుపై చదువుకొనగోరు విద్యార్థులు కూడ చేర్చుకొనబడిరి. మధుసూదనుడు చేరినది అట్టి విద్యార్థిగానే.

సాగరదాడి బాలుడు

మధుసూదనుడు 1824 జనవరి 25వ తేదీన జెస్సూరు జిల్లాలోని సాగరదాడి గ్రామములో జన్మించెను. నేడు ఆ గ్రామము బంగ్లాదేశములో ఉన్నది. ఊరి ప్రక్కనే కపోతాక్ష నది ప్రవహించును. తండ్రి రాజనారాయణ దత్తు కలకత్తాలోని సదరు దివానీ అదాలతులో పేరుపొందిన వకీలు. తల్లి జాహ్నవీదేవి. తరువాత పుట్టిన తమ్ములు పసితనములోనే చనిపోయినందున తల్లిదండ్రులకు మిగిలిన కుమారుడు ఇతడొక్కడే. తల్లి ఒడిలో కూర్చుండి బాలుడు వంగభాషలోని రామాయణ భారతములను వినెను. అవి అతని మనస్సులో లోతుగా పాతుకొనెను. కాని ఆ సంగతి అతనికి చాలకాలము తెలియలేదు.

1837లో తండ్రి అతనిని కలకత్తాలోని హిందూ కళాశాలలో చేర్చెను. అచట రిచర్డ్‌సన్ దొర షేక్స్‌పియరును బోధించుచుండెను. బాలుని బుద్ధి చురుకైనది, జ్ఞాపకశక్తి అద్భుతమైనది. పరీక్షలలో బహుమతులు వచ్చెను, పత్రికలలో ఇంగ్లీషు పద్యములు అచ్చయ్యెను. దానితో ఒక కోరిక అతనిని పట్టుకొనెను. ఇంగ్లండు దేశమునకు వెళ్ళవలెను. ఇంగ్లీషులో కవిత్వము వ్రాసి మిల్టను, బైరనుల సరసన నిలువవలెను. తన తల్లి భాష అతని కంటికి పల్లెటూరివారి మాటగా కనబడెను.

బాప్తిస్మము

ఆ దినములలో తల్లిదండ్రులు అతనికి వివాహము నిశ్చయించిరి. తాను చూడని, ఎరుగని బాలికను పెండ్లియాడుటకు అతని మనస్సు ఒప్పలేదు. అతడు కృష్ణమోహన బెనర్జీ అయ్యగారి యొద్దకు పోయి క్రైస్తవుడనగుదునని చెప్పెను. బెనర్జీ అయ్యగారు 1832లో అలెగ్జాండరు డఫ్ దొర ద్వారా బాప్తిస్మము పొంది, కుటుంబమును సంఘమును విడిచి శ్రమలు సహించి, తరువాత బోధకుడైన విశ్వాసి. ఆయన ఆ యువకునితో మాటలాడి, అతని మనస్సులో రెండు కోరికలు ఉన్నట్లు గ్రహించెను. క్రీస్తు మతమును అంగీకరించు కోరిక ఒకటి. ఇంగ్లండు పోవు కోరిక రెండవది. ఈ రెంటిలో మొదటిది రెండవదానికంటె ఎక్కువ బలమైనదని ఆయనకు తోచలేదు.

బంధువులు బలవంతముగా తీసికొనిపోవుదురేమోయని అతడు కొన్ని దినములు విలియం కోటలో ఉంచబడెను. 1843 ఫిబ్రవరి 9వ తేదీన పాత మిషను దేవాలయములో ఆర్చిడీకన్ డీల్ట్రీ దొర అతనికి బాప్తిస్మమిచ్చెను. ఆ దినమున పాడుటకు మధుసూదనుడే ఒక ఇంగ్లీషు కీర్తన రచించెను. అప్పటికి అతనికి పందొమ్మిది ఏండ్లు.

ఆ పని వలన అతడు కోరినది దొరకలేదు. ఇంగ్లండుకు పంపువారు ఎవరును కానరాలేదు. అంతవరకు చదివిన హిందూ కళాశాల క్రైస్తవులను చేర్చుకొనదు గనుక అచటి చదువు ఆగిపోయెను. ఇంటి తలుపు మూయబడెను, కళాశాల తలుపును మూయబడెను. ఇంచుమించు ఇరువది మాసములు అతనికి నిలుకడ లేకపోయెను. అప్పుడు మిగిలిన తలుపు నది ఆవలి ఒడ్డున ఉన్న చిన్న కళాశాలది మాత్రమే.

నది దాటి

1844 నవంబరులో మధుసూదనుడు బిషప్పు కళాశాలలో చేరెను. అప్పటికి హుగ్లీపై వంతెన లేదు. పడవల వంతెన 1874లోను, నేటి గొప్ప వంతెన 1943లోను వచ్చినవి. హౌరా స్టేషనుకు రైలు వచ్చినది కూడ 1854లోనే. కలకత్తా విద్యార్థి పడవ ఎక్కి నది దాటి శిబ్‌పూరు చేరవలసియుండెను.

ఈ కళాశాలకు జీతము ఎవరు కట్టిరో తలంచినచో మనస్సు కరగును. స్వంత ఖర్చుపై చదువు విద్యార్థి ఖర్చు స్వల్పము కాదు. దానిని ఇచ్చినవాడు తండ్రియైన రాజనారాయణ దత్తు. కుమారుడు కులమును విడిచెను, తండ్రి నిశ్చయించిన వివాహమును త్రోసివేసెను, వంశపు ఆశను భగ్నము చేసెను. బంధువుల యెదుట తండ్రి తల వంచుకొనవలసి వచ్చెను. అయినను కుమారుని చదువు నిలిచిపోకూడదని ఆ తండ్రి తన ధనముతో ఒక క్రైస్తవ కళాశాలకు జీతము కట్టుచు వచ్చెను. ఆయన క్రైస్తవుడు కాడు. ఆ కళాశాల బోధ ఆయనకు సమ్మతమైనది కాదు. తండ్రి ప్రేమ మాత్రము లెక్కలు చూడలేదు. తప్పిపోయిన కుమారుని ఉపమానము చదువునప్పుడు, దూరదేశములోనున్న కుమారునికి సహితము తన కష్టార్జితము పంపిన ఈ తండ్రి జ్ఞాపకమునకు వచ్చును.

కళాశాలలో మధుసూదనుడు చదువుపై మనస్సు నిలిపెను. గ్రీకు, లాటిను భాషలను వ్యాకరణము మొదలుకొని నేర్చుకొనెను. హోమరు, వర్జిలు కవులను వారి భాషలలోనే చదువగలిగెను. సంస్కృతము కూడ అభ్యసించెను. హిందూ కళాశాలలో ఇంగ్లీషు కవుల సొగసు రుచి చూచెను. ఆ కవులు తాగిన ఊట శిబ్‌పూరులో అతనికి దొరికెను. దినమంతయు గంట ప్రకారము నడచెడిది. ప్రార్థనకు ఒక వేళ, పాఠమునకు ఒక వేళ. స్వభావమున చంచలుడైన ఆ యువకునికి జీవితములో క్రమము నేర్పిన స్థలము అది యొక్కటే.

అచట అవమానమును లేకపోలేదు. యూరోపియను విద్యార్థులు ధరించు కళాశాల ఉడుపు ఒకటి, దేశీయ విద్యార్థులకు నిర్ణయించినది మరియొకటి. మధుసూదనుడు ఇందుకు ఒప్పుకొనలేదు. అందరితోబాటు ఒకే ఉడుపు ఇయ్యవలెను, లేదా తన దేశపు వేషమునే ధరింతునని పట్టుబట్టి, శాలువ తలపాగాలతో రంగురంగుల దేశీయ వేషమున కళాశాలలో ప్రత్యక్షమయ్యెను. తుదకు అధికారులు అతనికి కళాశాల ఉడుపు ధరించుటకు అనుమతి ఇచ్చిరి. బెనర్జీ అయ్యగారు తమ జ్ఞాపకములలో ఈ సంగతి తెలిపియున్నారు. ప్రభువు బల్ల యొద్ద సమానులైనవారు బడిలో సమానులు కాకపోవుట ఎంతటి విపరీతమో ఆ యువకుడు ఆనాడే ఎత్తి చూపెను. ఆ విషయములో అతడు చేసినది న్యాయమే.

అయితే మరియొక విషయములో అతడు మారలేదు. చేతిలో ధనమున్నప్పుడు లెక్కలేక వెచ్చించును. లేనప్పుడు అప్పు చేయును. ఇంగ్లండు కల అతనిని విడువలేదు. గోపురము కట్టదలచినవాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పిన ఉపమానము అతడు చదివియే యుండును. ఆ లెక్క మాత్రము అతడు జీవితాంతము నేర్చుకొనలేదు.

1847లో తండ్రీకుమారుల మధ్య మనస్సులు మరింత దూరమయ్యెను. తండ్రి సొమ్ము పంపుట మానివేసెను. జీతము కట్టలేని విద్యార్థికి కళాశాలలో నిలుచుట సాధ్యము కాలేదు. చదువు ముగియకముందే, ఎవరికిని చెప్పకుండ, మధుసూదనుడు ఓడ ఎక్కి దక్షిణమునకు పోయెను. కళాశాలలో మద్రాసు ప్రాంతము నుండి వచ్చిన సహవిద్యార్థులు అతనికి స్నేహితులైయుండిరి. ఆ పరిచయమే అతనికి దారి చూపెను.

మద్రాసు పట్టణములో తెలుగు పాఠము

1848 జనవరిలో అతడు మద్రాసు చేరి, బాలుర అనాథశాలలోని పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. ఆ సంవత్సరముననే అనాథశాలలో పెరిగిన రెబెకా అను యువతిని వివాహము చేసికొనెను. 1849లో అతని ఇంగ్లీషు కావ్యము అచ్చయ్యెను. దాని పేరునకు చెరపట్టబడిన రాకుమారి అని అర్థము. మద్రాసు పత్రికలు కొంత మెచ్చెను గాని, కలకత్తాలో దానిని కొన్నవారు కొలదిమందియే.

అతని బాల్యస్నేహితుడు గౌరదాస బసాక్ ఆ పుస్తకము ప్రతిని విద్యామండలి అధ్యక్షుడైన బెతూన్ దొరకు ఇచ్చెను. బెతూన్ దొర చదివి, పొగడ్త మాటలకు బదులు ఒక హితవు పంపెను. ఇంగ్లీషు చదువు వలన కలిగిన రుచిని, నేర్పును ఈ యువకుడు తన మాతృభాషను సంపన్నము చేయుటకు వినియోగించిన మేలు కలుగునని ఆయన అభిప్రాయము. గౌరదాసు ఆ మాటను ప్రేమతో బలపరచి వ్రాసెను.

గర్విష్ఠికి హితవు రుచింపదు. కాని శిబ్‌పూరులో నేర్చిన క్రమము ఇచట పనికి వచ్చెను. 1849లో గౌరదాసునకు వ్రాసిన ఉత్తరములో మధుసూదనుడు తన దినచర్యను తెలిపెను. ఉదయము 6 మొదలు 8 వరకు హెబ్రీ భాష. 8 మొదలు 12 వరకు పాఠశాల పని. 12 మొదలు 2 వరకు గ్రీకు. 2 మొదలు 5 వరకు తెలుగు, సంస్కృతము. 5 మొదలు 7 వరకు లాటిను. 7 మొదలు 10 వరకు ఇంగ్లీషు. వంగదేశపు మహాకవి దినదినము మధ్యాహ్నవేళ మన తెలుగు అక్షరములు దిద్దెనను సంగతి తెలుగువారిలో కొందరే ఎరుగుదురు. ఇదంతయు తన పితరుల భాషను అలంకరించుటకు సిద్ధపాటేనని అతడు ఆ ఉత్తరములో స్నేహితునికి తెలిపెను. కృత్తివాసుని రామాయణమును, కాశీదాసుని భారతమును పంపుమనియు కోరెను. తల్లి ఒడిలో విన్నదానిని అతడు మరల వెదకుట ప్రారంభించెను.

ఇచటనే అతని జీవితములోని పెద్ద తప్పిదమును చెప్పవలసియున్నది. రెబెకా వలన అతనికి నలుగురు పిల్లలు కలిగిరి. అయినను అతని మనస్సు, తనతో పనిచేసిన ఒక ఉపాధ్యాయుని కుమార్తెయైన హెన్రియెట్టా వైపునకు తిరిగెను. 1855లో తండ్రి మరణించెను. తల్లి అంతకు ముందే గతించెను. ఆస్తిని బంధువులు ఆక్రమించుచున్నారని గౌరదాసు తెలుపగా, మధుసూదనుడు 1856లో ఒంటరిగా కలకత్తాకు మరలెను. భార్య యొద్దకును పిల్లల యొద్దకును అతడు మరి తిరిగి రాలేదు. హెన్రియెట్టా తరువాత కలకత్తా చేరి, మరణము వరకు అతనితో కాపురముండెను. గొప్ప కవి అయినంతమాత్రమున ఇది ఒప్పు కానేరదు. మద్రాసులో విడువబడిన ఆ తల్లి, ఆ నలుగురు పిల్లలు అనుభవించిన దుఃఖమును ఏ కావ్యమును తీర్చలేదు.

ఫలించిన విత్తనము

కలకత్తాలో అతడు పోలీసు కోర్టులో గుమాస్తాగాను తరువాత దుబాసిగాను పనిచేసెను. ఆ చిన్న ఉద్యోగములో ఉండగనే అతని చదువు ఫలింపసాగెను. 1859లో శర్మిష్ఠ నాటకము బెల్గాచియా నాటకశాలలో ప్రదర్శింపబడెను. 1860లో తిలోత్తమా సంభవము, 1861లో మేఘనాదవధ కావ్యము, 1862లో వీరాంగన వెలువడెను. ఇవన్నియు వంగభాషలోనివే. పాదాంత ప్రాస విడిచి, భావము ఒక పాదము నుండి మరియొక పాదమునకు ప్రవహించునట్లు అతడు కల్పించిన అమిత్రాక్షర ఛందస్సు వంగ కవిత్వమునకు క్రొత్త దారి చూపెను.

ఆ కావ్యములను పరిశీలించినచో శిబ్‌పూరు పాఠశాల గది కనబడును. మేఘనాదవధలోని కథ తల్లి చెప్పిన రామాయణములోనిది. కట్టడము హోమరు, వర్జిలు, మిల్టనులనుండి నేర్చినది. పురాణ స్త్రీలు తమ ప్రియులకు వ్రాసిన లేఖల రూపమున ఉన్న వీరాంగనకు లాటిను కవి ఓవిడు రచన మాదిరి. ఇలియడు కథను వంగ వచనములో హెక్టరు వధ అను పేర కొంతవరకు వ్రాసెను. ఏ కళాశాలను అతడు ఇంగ్లండుకు మెట్టుగా మాత్రమే తలంచెనో, ఆ కళాశాల అతనిని ఇంగ్లండుకు గాక తన స్వంత ఇంటికి చేర్చెను.

పరదేశములో

అయినను పాత కోరిక చావలేదు. 1862లో, బారిస్టరు పరీక్షకై, మధుసూదనుడు ఇంగ్లండునకు ఓడ ఎక్కి గ్రేస్ ఇన్‌లో చేరెను. కుటుంబము కూడ తరువాత అతనిని చేరెను. ఆస్తిమీద రావలసిన సొమ్మును అప్పగింపబడినవారు పంపలేదు. 1863లో కుటుంబముతో ఫ్రాన్సులోని వెర్సాయి పట్టణమునకు పోయెను. ఇంట ఆహారము లేదు. అప్పులవారు చెరసాలలో వేయింతురను భయము. బాల్యమునుండి కోరిన పడమటి దేశము అతనికి దూరదేశపు కరవుగా మారెను.

1864లో అతడు ఈశ్వరచంద్ర విద్యాసాగరునకు మొరపెట్టుకొని ఉత్తరములు వ్రాసెను. విద్యాసాగరుడు క్రైస్తవుడు కాడు, ధనవంతుడును కాడు. అయినను ఆలస్యము చేయక సొమ్ము పంపెను. తానే అప్పుచేసి మరల మరల పంపెను. గాయపడినవానికి పొరుగువాడెవడని ప్రభువు అడిగిన ప్రశ్నకు ఆ పండితుని నడవడి ప్రత్యుత్తరముగా నిలిచినది.

ఆ దుర్దినములలోనే మధుసూదనుడు వంగభాషలో చతుర్దశపది పద్యములు వ్రాసెను. అవి 1866లో అచ్చయ్యెను. వానిలో తన ఊరి కపోతాక్ష నదిని తలంచుకొనెను. ఇంట రత్నములుండగా పరుల యింట యాచించిన తన వెఱ్ఱితనమునకు పశ్చాత్తాపపడెను. 1866 నవంబరులో బారిస్టరై, 1867లో కలకత్తాకు తిరిగి వచ్చెను.

సాయంకాలము

బారిస్టరు పట్టా దొరకినను శాంతి దొరకలేదు. సంపాదన కొంత, వెచ్చము అంతకు మించినది. మద్యము దేహమును క్షీణింపజేసెను. 1873 నాటికి అతడును హెన్రియెట్టాయు రోగులైరి. కొంతకాలము ఉత్తరపారాలో నది ఒడ్డున ఉన్న గ్రంథాలయ భవనములో తలదాచుకొని, తుదకు కలకత్తాలోని జనరలు ఆసుపత్రిలో చేరెను. జూన్ 26వ తేదీన హెన్రియెట్టా చనిపోయెను. ఆ వార్త అతనికి ఆసుపత్రి మంచముమీద తెలిసెను.

అప్పుడు అతని యొద్దకు వచ్చినవాడు కృష్ణమోహన బెనర్జీ అయ్యగారు. ముప్పది సంవత్సరముల క్రిందట ఆ యువకుని మనస్సులోని రెండు కోరికలను తూచి చూచినవాడు ఆయనయే. ఇంగ్లండు కోరిక తీరెను, ఆరిపోయెను. కీర్తి వచ్చెను, కడుపు నింపలేదు. ఇప్పుడు ఒక్కటే కోరిక మిగిలెను. చాలకాలము దేవాలయమునకు దూరముగానుండిన ఈ మనుష్యుని సంఘపు శ్మశానములో పాతిపెట్టనిత్తురా యను సందేహము కొందరికి ఉండెను. మధుసూదనుడు దానికి కలతపడలేదు. మనుష్యులు కట్టిన దేవాలయములను గూర్చి తనకు చింత లేదనియు, తన ప్రభువునందు విశ్రమింపబోవుచున్నాననియు అతడు తెలియజేసెను. 1873 జూన్ 29వ తేదీన, తన నలువది తొమ్మిదవ యేట, అతడు మరణించెను. అనుమతి విషయమై కొంత ఆలస్యము జరిగిన పిమ్మట ఒక ఆంగ్లికను బోధకుడు ముందుకు వచ్చి సంఘ క్రమము ప్రకారము లోయర్ సర్క్యులర్ రోడ్డు శ్మశానములో హెన్రియెట్టా ప్రక్కన అతనిని సమాధి చేసెను. దారిన పోవు వంగదేశీయుని క్షణము నిలువుమని వేడుచు అతడు ముందుగా వ్రాసిపెట్టిన పద్యము తరువాత ఆ సమాధిపై చెక్కబడెను. అందులో బారిస్టరను మాట లేదు. తన ఊరు, తన నది, తన తల్లిదండ్రుల పేర్లు ఉన్నవి.

నేటి శిబ్‌పూరు

1880లో బిషప్పు కళాశాల శిబ్‌పూరు విడిచి కలకత్తాలోని సర్క్యులర్ రోడ్డునకు మారెను. అచట నేటికిని సంఘ పరిచారకులను తయారు చేయుచున్నది. శిబ్‌పూరు ఆవరణమును ప్రభుత్వము తీసికొని ఇంజనీరింగు కళాశాలను అచటికి మార్చెను. అదియే 2014లో జాతీయ స్థాయి విద్యాసంస్థ అయ్యెను. ఆ ఆవరణములోనే కృష్ణమోహన బెనర్జీ అయ్యగారి సమాధి కలదు. 1852 మొదలు అనేక సంవత్సరములు ఆయన ఆ కళాశాలలో ఆచార్యుడుగా ఉండి, 1885లో ప్రభువునందు నిద్రించెను. ఒకే కళాశాల నీడన చదివిన ఇద్దరిలో ఒకడు నిలుకడగా నడచి ఆ నేలలోనే విశ్రమించెను. మరియొకడు చాల దూరము తిరిగి, అలసి, కడవరి గడియలో విశ్రాంతిని అడిగెను.

ప్రతి సంవత్సరము వేసవిలో మన యిండ్లలో కళాశాల దరఖాస్తులు నింపబడుచుండును. ఏ కళాశాల, ఎంత జీతము, ఏ ఉద్యోగము అను ప్రశ్నలు అడుగబడును. అవి అడుగదగినవే. మధుసూదనుని జీవితము వానితోబాటు మరియొక ప్రశ్నను అడుగుమనుచున్నది. ఈ చదువు మనలను ఎచటికి తీసికొనిపోవలెనని కోరుచున్నాము? మంచి కళాశాల భాషలు నేర్పును, క్రమము నేర్పును, మరచిపోయిన తల్లి మాటను మరల వినిపించును. లోపల ఏలుచున్న కోరికను మాత్రము అది మార్చజాలదు. దానిని మార్చువాడు వేరొకడు కలడు. ఆయనయెదుట ఆ దరఖాస్తును ముందుగా పరచి మోకరించుట తల్లిదండ్రులకును బిడ్డలకును క్షేమము.

తమ ధనముతో బిడ్డను చదివించి, ఆ బిడ్డ మనస్సు దూరమగుట చూచి కన్నీరు విడుచుచున్న తండ్రులు, తల్లులు మన సంఘములలోను కలరు. వారు నిరాశపడకుందురు గాక. రాజనారాయణ దత్తు కట్టిన జీతము వ్యర్థము కాలేదు. ఆయన కన్నులు మూసిన తరువాత అది ఫలించెను. భూమిమీది తండ్రి సొమ్ము పంపుట మానివేసిన దినము ఒకటి వచ్చెను. పరలోకపు తండ్రి మాత్రము, ఇరువది ఆరు సంవత్సరముల పిమ్మట, ఆసుపత్రి మంచము వరకు ఆ కుమారుని వెదకుచు వచ్చెను.